కడగని ఆకు

తప్పు చెయ్యడానికి ఒక్క పూట చాలు. ఆ తప్పు జరిగిందని ఎదుటివాళ్ల చేత ఒప్పించడానికి మాత్రం చెప్పులు అరగాలి. ఈ సత్యం మిల్లీగ్రాముకి నలభై నాలుగేళ్ల వయసులో, ఒక బుధవారం మధ్యాహ్నం, ఓ పింగాణీ గిన్నె అడుగున బోధపడడం మొదలైంది.

మిల్లీగ్రాము అంటే ఇక్కడ కొలత కాదు, మనిషి. ఆహార పరీక్షల ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా టెక్నీషియను. కాపురానికి వచ్చిన కొత్తలో కూరలో ఉప్పు ఎంత వెయ్యాలని అత్తగారిని అడిగితే, "చేతికే తెలుస్తుంది" అందావిడ. "చేతికి ఎలా తెలుస్తుందండీ, చెంచా లెక్క చెప్పండి" అని కోడలు పట్టుబట్టింది. ఆ పూటే పేరు పడిపోయింది. ఇప్పుడు మొగుడు అలాగే పిలుస్తాడు, ఆడపడుచు అలాగే వెక్కిరిస్తుంది, చివరికి వీధి మలుపులో పళ్లమ్మే ఆయన కూడా "మిల్లీగ్రాము గారూ, ముల్లు సరిగ్గా చూసుకోండి" అంటాడు.

ఆ బుధవారం ఆమె చేస్తున్నది చాలా మామూలు పని. ఆకులో ఇనుము ఎంతుందో తేల్చాలంటే ఆకుని ఆరబెట్టి, పొడి చేసి, కొలిమిలాంటి పెట్టెలో పెట్టి బూడిద చెయ్యాలి. ఆ బూడిదని యాసిడ్‌లో కరిగించి మిషనుకి ఇస్తే అది అంకె చెబుతుంది. ఆకు బూడిద కిక్కురుమనకుండా కరిగిపోతుంది. ఆ రోజు ఒక గిన్నెలో కొత్తగా తెచ్చిన గంగపాయల ఆకు ఉంది, ఇంకో గిన్నెలో నెలన్నర కిందటి గంగపాయల పొడి, సీసాలో మిగిలిపోయినది. కొత్త గిన్నెలో గాజుకడ్డీ తిప్పితే చప్పుడు లేదు. పాతదానిలో తిప్పితే గరగరమంది.

గరగరమన్నదంటే అందులో మట్టి ఉంది. మట్టి ఉందంటే ఆకు కడగలేదు. మిషను కొత్త ఆకుకి రెండు పాయింట్ నాలుగు అని చెప్పింది. పాత ఆకుకి నెలన్నర కిందట చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. నూరు గ్రాముల పచ్చి ఆకుకి ముప్పై ఒక్క మిల్లీగ్రాములు. ఆ ముప్పై ఒకటిలో ఆకుది పిసరంత, మిగతాదంతా ఎర్రమట్టిది. కానీ అప్పటికే ఆ ముప్పై ఒకటి అచ్చయి, ప్రతి ఆసుపత్రి గోడ మీదా, బడి గోడ మీదా, బస్టాండులో టికెట్ల కిటికీ పక్కనా అతుక్కుని కూర్చుంది.

అదెలా జరిగిందో చెప్పుకోవాలి. నెలన్నర కిందట ల్యాబు ముందు రోడ్డు తవ్వి పైపులు పగలగొట్టారు. రెండు రోజులు చుక్క నీళ్లు లేవు. సరిగ్గా ఆ రోజుల్లోనే డైరెక్టరుకి, ఎవరూ నాటకుండా మొలిచే ఆకుకూరల మీద కరపత్రం వెయ్యాలనే బుద్ధి పుట్టింది. బుద్ధి మంచిదే. డబ్బు పెట్టి కొనక్కర్లేని ఆకు కాళ్ల కింద నలిగిపోతోంటే జనం మందుల షాపుల ముందు బారులు తీరుతున్నారని ఆయన బాధ. "ఆకులు గుర్తుపట్టేవాళ్లు కావాలి" అన్నాడు. మిల్లీగ్రాము అత్తగారిని మించి ఆకులు గుర్తుపట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆవిడ నడుస్తుంటే కళ్లు నేల మీదే ఉంటాయి, మనిషి ఎదురొచ్చినా ముందు వాళ్ల కాలి పక్కన మొలిచిందేమిటో చూస్తుంది. ఇటుకల బట్టీ పక్కన ఖాళీ జాగాలో చాపలా పరుచుకున్న గంగపాయల కోసుకొచ్చి, సంచి నిండా ల్యాబుకి పట్టుకొచ్చింది.

నేలకి అంటుకుని పెరిగే ఆకు. లారీ వెళ్లినప్పుడల్లా లేచిన ఎర్రదుమ్ము దాని మీదే పడుతుంది. కడగడానికి నీళ్లు లేవు. శుక్రవారానికి అంకెలు కావాలని డైరెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. మిల్లీగ్రాము పొడిగుడ్డతో ఆకు ఆకునీ తుడిచింది. ఫారం మీద "నమూనాను శుభ్రమైన నీటితో మూడుసార్లు కడిగి ఆరబెట్టడమైనది" అని ముందే అచ్చు వేసి ఉంటుంది, కింద సంతకం పెట్టడమే తరువాయి. పెట్టేసింది. నీళ్లు వచ్చాక మళ్లీ చేద్దాంలే అనుకుంది. మిషను ముప్పై ఒకటి చూపించినప్పుడు తను ఉలిక్కిపడింది కూడా. కానీ అప్పటికే భుజం మీంచి తొంగి చూసిన డైరెక్టరుకి లంకెబిందెలు దొరికినంత సంబరం. "పాలకూరకి పదింతలు!" అని కరపత్రం మీద పెద్ద అక్షరాలు వేయించాడు. దాని కింద ఆకుల కట్ట పట్టుకుని నవ్వుతున్న అత్తగారి ఫొటో, ఆ కింద ల్యాబు ముద్ర, మిల్లీగ్రాము సంతకం.

ఇప్పుడు గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ ముప్పై ఒకటి తప్పండి. మట్టి కలిసిపోయింది."

"మట్టిలో ఇనుము ఉండదా?"

"ఉంటుంది సార్."

"మరి ఇనుమే కదా."

"ఇనుమే సార్. కానీ కడిగితే పోయే ఇనుము. కడక్కుండా తిన్నా మట్టిలోది ఒంటికి పెద్దగా పట్టదు. కడిగాక చూస్తే రెండు పాయింట్ నాలుగే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పాలకూరకి పదింతలు అని ఇరవై వేల కాపీలు వేశాం. ఇప్పుడు పాలకూరతో సమానం, కాస్త తక్కువేనేమో అని వెయ్యమంటావా? ఎవడు చదువుతాడు?"

"మిగతా అంకెలన్నీ నిజమే సార్. అవిసె గింజల్లో ఉండే మంచి కొవ్వు ఇందులో ఉంది. మామూలు ఆకుల్లో ఇంత ఉండదు. విటమిన్లున్నాయి, పీచుంది. మంచి ఆకే. ఇనుము ఒక్కటే..."

"అవిసె గింజలు అంటే ఎవడూ ఆగి చూడడు. ఇనుము అంటేనే ఆగుతాడు" అన్నాడు డైరెక్టరు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, ఎవరి తప్పు?" అని అడిగాడు.

"ఆ రోజు నీళ్లు రాలేదు కదండీ. ఫారం మీదేమో ముందే అచ్చయి ఉంటుంది. తమరు కూడా శుక్రవారం అన్నారు..."

"అంటే నా తప్పా?"

"అబ్బే, అలా అనలేదండీ."

"పైపులు పగలగొట్టినవాడిదా?"

"కాదండీ."

"మరి ఎవరి తప్పూ కాదు. ఎవరి తప్పూ కానిదాన్ని ఎలా దిద్దమంటావ్? కాగితం మీద రాసివ్వు, చూద్దాం."

ఆమె రాసింది. "నీటి సరఫరా లేని కారణంగా నమూనా సక్రమంగా శుభ్రపరచబడలేదని గుర్తించడమైనది" అని చక్కగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసి డైరెక్టరు బల్ల మీద పెట్టించింది. సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది. "శుభ్రపరచబడలేదు" అన్న మాట కింద పెన్సిల్‌తో గీత, పక్కన ఒకే ఒక్క మాట: "ఎవరిచేత?" ఆమెకి ఒళ్లు మండిపోయింది. ముసలాడికి తెలియదా ఏం, కావాలని వెక్కిరిస్తున్నాడు అనుకుని కాగితం సొరుగులో తోసేసి ఇంటికి పోయింది.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కరపత్రం. అత్తగారు దాన్ని రోజూ పొద్దున్నే పైట చెంగుతో తుడుస్తుంది. ఆవిడ ఫొటో వేసిన కాగితం ఈ జన్మలో ఇదొక్కటే. వంటింట్లో ఆకు ఉడుకుతోంది. బల్ల దగ్గర ఆడపడుచు కూర్చుని ఉంది. బస్టాండులో టికెట్ల కౌంటరు ఆమె ఉద్యోగం. రెండు వీధుల అవతల కాపురం. డ్యూటీ దిగగానే ఇక్కడికొచ్చి తల్లి చేతి ఆకు తిని ఇంటికి వెళుతుంది. ఆరో నెల. ఏడెనిమిదేళ్లు ఎదురుచూశాక నిలిచిన కడుపు.

దీపం వెలుగులో మిల్లీగ్రాము ఆడపడుచు మొహం పరీక్షగా చూసింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. దగ్గరికెళ్లి వేలితో కింది రెప్ప లాగి చూసింది. లోపల కూడా తెలుపే.

"ఏంటి వదినా, నేనేమన్నా నీ సీసానా?"

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"మాత్రలా? ఎప్పుడో మానేశాను."

"ఎప్పుడు?"

"మీ కాగితం వచ్చినప్పుడే. ఐదు వారాలైందేమో. ఆ మాత్ర మింగితే పేగులన్నీ నోట్లోకొచ్చేవి. ఇప్పుడు హాయిగా ఉంది. రోజూ ఒక కట్ట తింటున్నా."

మిల్లీగ్రాము కుర్చీ లాక్కుని కూలబడింది. "అమ్మడూ, ఆ ఆకులో అంత ఇనుము లేదు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టు. ఈ పూటే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అత్తగారు గుమ్మంలోకొచ్చింది. "ఏంటీ? నా ఆకులో ఏం లేదూ?"

"ఏమీ లేదని కాదత్తయ్యా. అంత లేదు."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! ఊరంతా కళ్లకద్దుకుంటుంటే ఇంట్లో కోడలికి మాత్రం ఆనదు."

"అది కాదత్తయ్యా, ల్యాబులో పొరపాటు జరిగింది. ఆ రోజు నీళ్లు రాక..."

"నీళ్లు రాకపోతే ఆకులో ఇనుము పెరుగుతుందా?" అని మొగుడు నేల మీద కూర్చుని బూట్లు విప్పుతూ నవ్వాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ప్రపంచంలోని సమస్తమూ ఆయనకి లిఫ్టు లెక్కల్లోనే అర్థమవుతుంది. "మా లిఫ్టులకీ ఇదే గతి. 'పనిచేయదు' అని బోర్డు తగిలించినా, వచ్చిన ప్రతివాడూ బటన్ నొక్కి చూసి కానీ మెట్లెక్కడు. జనం అంతేనోయ్, వదిలెయ్."

"వదిలెయ్యడానికి అది జనం కాదు, మీ చెల్లెలు!"

"అబ్బో, నా చెల్లెలి మీద నాకు లేని బెంగ నీకొచ్చిందా?" అన్నాడు. సరదాకే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆడపడుచు కరపత్రం వైపు చెయ్యి చూపించింది. "అది కాదు వదినా, కాగితం ఒకటి చెబుతోంది, నీ నోరు ఇంకోటి చెబుతోంది. నేను దేన్ని నమ్మాలి?"

"నా నోటిని నమ్ము."

"కాగితం మీద సంతకం కూడా నీదే కదా" అంది ఆడపడుచు, ఆకు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. అది ఎదురుచెప్పడం కాదు. ఆ మాత్ర మళ్లీ మింగక్కర్లేదని దొరికిన ఒకే ఒక ఆధారాన్ని పట్టుకుని వేలాడడం. మాత్ర చేదు మిల్లీగ్రాముకి తెలియనిదా? కానీ చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం శంఖం వైపు చూస్తాడు. ఇక్కడ ముగ్గురిలో ఒక్కరూ తలెత్తలేదు. అత్తగారు లోపలికెళ్లి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది.

రెండు రోజులు బతిమాలి, శనివారం పొద్దున్న ఆడపడుచుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. ల్యాబుకి సెలవు పెట్టింది. పంతొమ్మిదేళ్లలో ఆమె పెట్టిన సెలవుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రక్తం తీశారు. గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు. రెండు నెలల కిందట తొమ్మిది పాయింట్ రెండు ఉన్నది, ఇప్పుడు ఏడు పాయింట్ ఆరు. డాక్టరమ్మ కాగితం చూసి, ఆడపడుచు కళ్లు చూసి, పొట్ట కొలిచింది. తర్వాత మెల్లగా చెప్పింది. బిడ్డ ఉండవలసినంత పెరగలేదు. మాత్రలు ఇవాళే మొదలుపెట్టాలి. రెండు వారాల్లో అంకె పెరగకపోతే నరంలోకి మందు ఎక్కించాలి. అప్పటికీ పెరగకపోతే కాన్పు సమయంలో తల్లికే ప్రమాదం. అంతా చెప్పి చీటీ రాసిచ్చి, "ఎందుకు మానేశారు?" అని అడిగింది. ఆడపడుచు వదిన వైపు చూసింది. వదిన నేల వైపు చూసింది.

బయట వరండాలో గోడకి అదే కరపత్రం. దాని ముందు నర్సు నిలబడి, ఒంట్లో బలం లేని ఇంకో గర్భిణికి వేలు పెట్టి చూపిస్తోంది. "చూశావా, పాలకూరకి పదింతలు. ఊరికే దొరుకుతుంది. తెచ్చుకుని తిను."

మిల్లీగ్రాము ఆగలేకపోయింది. "సిస్టర్, అది తప్పండి. అలా చెప్పకండి."

నర్సు తిరిగి చూసింది. "మీరెవరండీ?"

"ఆ ల్యాబులోనే పనిచేస్తాను. నేనే పరీక్ష చేశాను."

బెంచీ మీది పెద్దాయన ఒకడు కర్ర మీద గడ్డం ఆనించుకుని అందుకున్నాడు. "నువ్వే చేస్తే తప్పెలా అవుతుందమ్మా? అప్పుడు నిద్రపోయావా?"

"నిద్ర కాదండీ, ఆ రోజు నీళ్లు రాలేదు..."

"నీళ్లకీ ఇనుముకీ ఏం సంబంధం?" అంది ఇంకొకావిడ.

"నాకు తెలుసు" అన్నాడు పెద్దాయన, బెంచీ అంతటికీ వినబడేలా. "జనం మాత్రలు కొనడం మానేసరికి మందుల కంపెనీలవాళ్లు వీళ్ల నోరు నొక్కేసి ఉంటారు. మొన్నటిదాకా మంచిదైన ఆకు ఇవాళ చెడ్డదైపోయింది!"

"ఆకు చెడ్డది కాదు మహాప్రభో! మంచి ఆకే! తినండి! మాత్ర మానకండి, అంతే!" అంటూ ఆమె గోడ మీది కరపత్రాన్ని సర్రున పీకి నాలుగు ముక్కలు చేసింది. నర్సు బల్ల సొరుగు తెరిచి, లోపలున్న కట్టలోంచి ఇంకో కరపత్రం తీసి, అదే చోట, ఈసారి నాలుగు మూలలా టేపు వేసి అతికించింది. సొరుగులో ఇంకా రెండొందలైనా ఉంటాయి.

దారిలో ఆడపడుచు చీటీని గుప్పిట్లో నలుపుతూ నడిచింది. బస్టాప్ దగ్గరికి వచ్చాక, "వదినా, నేను తప్పు చేశాను" అంది.

ఇన్నాళ్లకి ఒక్కరికైనా అర్థమైంది కదా అని మిల్లీగ్రాము ఊపిరి పీల్చుకుంది.

"రోజుకి ఒక్క కట్టే తిన్నాను. రెండు తినాల్సింది" అంది ఆడపడుచు.

మిల్లీగ్రాముకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నడిరోడ్డు మీద నిలబడి గట్టిగా అరిచేసింది కూడా. "అందులో లేదే తల్లీ! రెండు కాదు, ఇరవై తిన్నా లేదు!"

"మరి అమ్మ ఉందంటోందిగా. అమ్మ చెబితే వేసుకుంటాలే. ఇప్పుడు నువ్వు అరవకు, అందరూ చూస్తున్నారు" అని ఆడపడుచు నలిగిన చీటీ వదిన చేతిలో పెట్టి బస్సెక్కేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మందుల షాపులో మాత్రలు కొని మిల్లీగ్రాము ఇంటికి నడిచింది. నడిచినంతసేపూ తిట్టుకుంటూనే ఉంది. డైరెక్టరుని తిట్టింది, రోడ్డు తవ్వినవాళ్లని తిట్టింది, ముందే అచ్చు వేసి ఉంచే ఫారాన్ని, ఆ ఫారం కనిపెట్టినవాడిని, కర్ర పట్టుకున్న పెద్దాయనని, బటన్ నొక్కి చూసే జనాన్ని, వరసపెట్టి ఒక్కరినీ వదల్లేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగలనప్పుడు, పెన్సిల్‌తో రాసిన ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. ఎవరిచేత? నాలుగు రోజులుగా ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పింది! నీళ్లు రాలేదని చెప్పింది, పొరపాటు జరిగిందని చెప్పింది, మట్టి కలిసిపోయిందని చెప్పింది. కడగనిది ఎవరో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. వినేవాళ్లు లేరని ఊరంతా తిరిగి గొడవ చేసింది కానీ, వినడానికి తను చెప్పిందేముంది?

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో గంగపాయల కడుగుతోంది. తెల్ల ప్లాస్టిక్ తొట్టిలో ఆకు ముంచి, రెండు చేతులా అటూ ఇటూ ఆడించి, పైకి తీసి, నీళ్లు పారబోస్తోంది. అది మూడో నీళ్లు. తొట్టి అడుగున ఇంకా సన్నగా ఎర్రటి మడ్డి కనిపిస్తోంది. ఆవిడ ఎప్పుడూ నాలుగు నీళ్లు తిప్పుతుంది. అంటే ఆ మట్టిలోని ఇనుము కూడా ఏనాడూ ఆడపడుచు కంచం దాకా రాలేదు, మోరీ పాలే అయింది.

"ఎంతుందిట రక్తం?" అంది అత్తగారు తల తిప్పకుండా.

"ఏడు పాయింట్ ఆరు. తగ్గింది. బిడ్డ ఎదగలేదంది డాక్టరమ్మ."

ఆవిడ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "రోజూ తింటోందిగా?"

"అత్తయ్యా, ఆ రోజు నీళ్లు..."

"ఊరికే నీళ్లూ నీళ్లూ అంటావేం? నీళ్లేం చేశాయి పాపం?"

మిల్లీగ్రాము గోడ పట్టుకుంది. "నీళ్లేం చెయ్యలేదు. నేను కడగలేదు. మీరు తెచ్చిన ఆకు నేను కడగలేదు. గుడ్డతో తుడిచి, మూడుసార్లు కడిగానని సంతకం పెట్టాను. ఆ అంకె ఆకుది కాదు, మట్టిది. అంకె చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. వచ్చినా నోరు మూసుకున్నాను. తప్పు నాదే అత్తయ్యా, ఇంకెవరిదీ కాదు."

అత్తగారు కుళాయి కట్టేసింది. చేతులు పైటకి తుడుచుకుని, తొట్టి అడుగుకేసి చాలాసేపు చూసింది. తిడుతుందని మిల్లీగ్రాము ఎదురుచూసింది. తిడితే బాగుండుననే అనుకుంది.

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ ఆకు తెంపుతున్నాను" అంది అత్తగారు. గొంతులో కోపం లేదు. "నోటికి పుల్లగా ఉంటుంది, కడుపుకి చల్లగా ఉంటుంది. పూత రాకముందు కొయ్యాలి, లేతగా ఉన్నప్పుడు తినాలి. నాకు తెలిసింది అంతే. రక్తం పడుతుందని నేనేనాడూ అనుకోలేదు. ముగ్గుర్ని కన్నాను, మూడుసార్లూ మాత్రలు మింగే కన్నాను."

"మరి దాన్నెందుకు మానెయ్యనిచ్చారు?"

"మానెయ్యమన్నదే నేను." ఆవిడ మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "ఆకుని చూసి కాదు. ఆ డైరెక్టరు అచ్చు వేశాడనీ కాదు, అతనెవరో నాకేం తెలుసు? కింద నీ సంతకం ఉంది. నోటికొచ్చింది అనే మనిషివి కాదు నువ్వు. 'వదిన చూడకుండా పెట్టదే, నమ్ము' అన్నాను పిల్లతో. ఇరవై ఏళ్లలో నీ మాట మీద నేను ఒకరికి హామీ ఇచ్చింది ఆ ఒక్కసారే."

ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో తనని వేళాకోళం చేస్తున్నారనే మిల్లీగ్రాము అనుకుంటూ వచ్చింది. నమ్మకం ఉందని ఎవరూ చెప్పలేదు. ఉన్నదని తెలిసేసరికి అది ఖర్చయిపోయింది. కన్నీళ్లు ఆగలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ, "సోమవారం పొద్దున్నే కాగితం రాసిస్తాను, నేనే చేశానని. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది" అంది.

"ఉద్యోగం సంగతి నువ్వు చూసుకో. పిల్ల సంగతి నేను చూసుకుంటాను." అత్తగారు చెయ్యి చాపింది. "మాత్రలు తెచ్చావుగా, ఇటివ్వు. నేను తీసుకెళ్లి దగ్గరుండి వేయిస్తాను. నువ్వు చెబితే ఇక అది వినదు."

మిల్లీగ్రాము సంచిలోంచి మాత్రలూ డాక్టరమ్మ చీటీ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"రోజుకి ఎన్ని?"

"రెండు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. టీతో మాత్రం మింగకూడదు, నిమ్మరసంతో అయితే మంచిది."

అత్తగారు తలూపింది. అలమారలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కిటికీ వెలుతురులోకి వెళ్లి, చీటీ విప్పి ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ తనే మొదట్నుంచీ చదువుకుంది.